ఆయ్‌కి కోడు ఒకటి

నరసాపురం రేవులో పంటు ఎక్కాను.
సంచిలో నూట ఇరవై ఖాళీ షెడ్యూళ్లు,
క్లిప్పున్న అట్ట, చెక్కిన పెన్సిళ్లు నాలుగు.
ముప్పై నిండని వయసు, ఎవరినైనా ఏదైనా
అడగొచ్చనుకునే ధైర్యం.
వశిష్ఠ అవతల తాడిలంక.

ఎనభై ఏడు. దాళ్వా ఊడ్పులు సాగుతున్నాయి.
మొదటి ఇల్లు పెనుమాల కరుణమ్మది.
నన్ను నిలబెట్టి మాట్లాడటం మర్యాద కాదని
కొడుకుని ఎక్కడికో పరుగెత్తించింది.
వాడు నెత్తిమీద బోర్లించుకుని తెచ్చాడు
టేకు కుర్చీ, పేము అల్లిక, నున్నటి చేతులు.
కూర్చున్నాను.
ఆమె గడప మీద. పిక్కల దాకా ఆరుతున్న బురద.

ప్రధాన వృత్తి?
"ఏ నెల్లో అండీ?"

నవ్వేసి 'వ్యవసాయ కూలీ' దగ్గర టిక్కు పెట్టాను.
సార్వా కోతలు, దాళ్వా ఊడ్పులు,
వానల్లో కొబ్బరి పీచు, ఎండల్లో ఎవరి దుప్పటికో లేసు,
అన్నీ ఆ గడిలోకే వెళ్లాయి.
గడికి ఆకలెక్కువ.

సాగు భూమి సొంతమా, కౌలా?
"మాకు కౌలేంటండీ, కూలికెళ్తాం."
అంటే కౌలు లేనట్టేనా?
"ఆయ్."

ఆయ్‌కి కోడు ఒకటి. రాసుకున్నాను.

పక్కింటికి వెళ్తే కుర్చీ నాకంటే ముందే వెళ్లింది.
ఆ పక్కింటికీ అదే కుర్చీ, అదే ఆయ్.
పుంత దాటి, బోదె దాటి, పల్లిపాలెం చివర దాకా
తొమ్మిది రోజులు నన్ను మోసింది.
నేనది ఎవరిదని అడగలేదు.
షెడ్యూల్లో ఆ ప్రశ్న లేదు.

పట్టిక నాలుగు: కౌలు కుటుంబాలు, నూటికి మూడు.

ఆ మూడు నన్ను చాలా దూరం తీసుకెళ్లింది.
వాల్తేరులో ఉద్యోగం, వెనకాల డాక్టరేటు,
వర్గమంటే వస్తువు కాదు, సంబంధం అని
సుద్దముక్క విరిగేలా బోర్డు మీద రాసే అధికారం.
కమిటీలో ఓ పెద్దాయన నా పట్టికను గోటితో తట్టి
"డెల్టాలో కౌలు సమస్యే లేదు, మేడమే తేల్చారుగా" అన్నాడు.
జీడిపప్పు పళ్లెం అప్పుడే నా వైపు వచ్చింది.
అంకెలు నావే. కాదనడానికి ఏముంది?
ఆ ఏడు అప్పు కార్డుల జాబితాలోంచి
మా లంకలన్నీ జారిపోయాయి.

మా లంకలు అంటున్నాను. పుట్టింది కాకినాడలో.

రిటైరయ్యాక మళ్లీ వెళ్లాను. రేవదే, పంటదే.
వరి ఉండాల్సిన చోట రొయ్యల చెరువులు,
నీళ్లని రాత్రింబవళ్లు చిలికే ఏరేటర్లు.
కరుణమ్మ కంట్లో శుక్లం. గొంతుని బట్టి పోల్చింది.
ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ నా ముందుకి జరిపి
"ఇది మాదేనండి" అంది.

అప్పుడడిగాను, మరి ఆనాటిది?

"కామందుగారిదండీ. వాళ్లింట్లో తప్ప
కుర్చీ ఎక్కడుండేది?
సాయంత్రం అప్పజెప్పడానికెళ్తే అరుగు మీద అడిగేవారు:
ఆవిడేం అడిగింది, నువ్వేం చెప్పావ్ అని.
ఎకరంన్నర చేసేవాళ్లమండీ. పద్దెనిమిది బస్తాలు మక్తా.
గడ్డి కూడా ఆయనకే.
కాయితం లేదు. నోరు జారితే చేను లేదు."

ఆయ్ అన్నావు కదా కరుణమ్మా?

"ఆయ్ అంటే విన్నానని అండీ.
ఔననుకున్నారేటి?"

పట్టిక కింద 'ఆధారం' అని ఓ చిన్న గీత ఉంటుంది.
అక్కడ 'క్షేత్ర పరిశీలన' అని రాసి
ముప్పై ఏళ్లు భోంచేశాను.
ఇప్పుడు కొట్టేసి రాయాలి,
ఆధారం: కామందు కుర్చీ.
ఎవరు అచ్చేస్తారు?
ఆ సంచికలు ఏ అటక మీదున్నాయో కూడా తెలీదు.

బొండం తాగుతుంటే పక్కకి వంగి అడిగింది,
"ఏవనుకోకండి, తవరికి పింఛనీ ఎంతొస్తాదండీ?"

దండెం మీద ఆరేసిన రెండు చీరలు,
గోడకి అతికించిన ఆమె పింఛను కార్డు,
చెరువులో ఆగకుండా తిరిగే ఆ చక్రాలు.
అన్నీ ఒక్కొక్కటిగా చూసి
"ఆయ్" అన్నాను.

కరుణమ్మ బోసినోటితో నవ్వింది.
"రాసుకున్నానండీ."