లెక్క తగ్గిన రాత్రి

పాకాల మీద మబ్బు ఉరిమేసరికి
పెట్టెలో టిక్కులు పలచబడ్డాయి.
మీటరు పాడయిందేమోనని తట్టి చూశాను.

వాచ్‌మన్ చెంగల్రాయుడు వాకిలి పట్టుకొని
"ఏం సార్, వానని లెక్కపెడతా ఉండావా?"

వాన కాదబ్బా,
ఎప్పుడో పేలిన చుక్క
మన గాలికి తగిలి చిట్లిన నూక.
వచ్చే దోవలో భూమి అయస్కాంతం ఒకసారి వంచింది,
అందుకే పడమటి దిక్కు నుంచి రవ్వంత జాస్తి.
మిగిలినదాన్ని ఇదిగో,
ఈ మబ్బులో కరెంటు జల్లెడ పడతా ఉంది.

అతను అరచెయ్యి చాపాడు.
"దీంట్లోనూ పడతాదా?"
"సెకనుకి ఒకటి. చెయ్యి దాటి, బండ దాటి, నేలలోకి."

చాలాసేపు ముయ్యలేదు.

మబ్బు చంద్రగిరి వైపు జరిగాక
టిక్కులు మళ్లీ చిక్కబడ్డాయి.
చెంగల్రాయుడు చెయ్యి ఎగాదిగా చూసుకొని
మెల్లిగా
పంచెకి తుడుచుకున్నాడు.