వచ్చు, వాలి

గిరింపేట చెంగల్రాయుడి కేసు
ఒక్క మాట దగ్గర ఆగింది:
చట్టం మేయర్ని "ఎన్నుకోవచ్చు" అందా,
"ఎన్నుకోవాలి" అందా?

సర్కారు వకీలు "వచ్చు" మీదే గంట మాట్లాడినాడు.
రాత్రంతా రైల్లో కూచుని పోయి
చెంగల్రాయుడు తొమ్మిదో వాయిదా తెచ్చుకున్నాడు.

చిత్తూరు కార్పొరేషన్లో
మేయర్ కుర్చీకి ఇంకా పాలిథిన్ కవరే.
పక్క గదిలో ప్రత్యేకాధికారి
సంతకాలు ఆరబెట్టుకుంటున్నాడు.

ముప్పై ఏండ్లు ఈయన
కుళాయి వాల్వులు తిప్పినోడు.
తెల్లారకముందే బిందెలు వరస పెట్టి
ఆడోళ్ళు అడిగేవాళ్ళు,
"నీళ్ళొస్తాయా అన్నా?"
"రావచ్చు" అనేవాడు.

ఆ మాటకు ఒకరోజు
కుప్పమ్మత్త విసిరిన చెంబు
ఇంకా మచ్చగా ఉండాది, నుదుటి మీద.

జడ్జిగారికి చూపిస్తానంటాడు.
వకీలు వద్దంటున్నాడు.