కిరోసిన్ గుడ్డ

తప్పయితే కిరోసిన్ గుడ్డతోని తుడిచేది అప్పట్ల.
ఇప్పుడు కంట్రోల్ జడ్ కొట్టుమంటది రుబీనా.
ఇరవై మూడేండ్ల పోరి, నాకు సారు.

నల్లగొండ గడియారం సెంటర్ల
మెట్ల కింది దుకాణం నాది.
బ్రష్షు పోయి ఫ్లెక్సీ వచ్చిననాడు
అప్పు చేసి కంప్యూటర్ కొన్న.
కోరల్ డ్రా చేతికి అలవాటయ్యేసరికి
పెండ్లిపత్రికలు ఫోన్లకెక్కినయి.
మొన్న ఒకాయన నిలబడ్డకాడనే
సెల్లుకు నోటితోని చెప్పి బొమ్మ తీయించిండు.
"గిట్లనే కావాలె, అరగంటల."
బొమ్మల పెండ్లికొడుకు చేతికి ఆరు వేళ్ళు.
ఒకటి తీసేసిన. దానికి పైసలడగలే.

రాత్రి షట్టర్ సగం దించి
బాకీల బుక్కు వెనుక పేజీలనుంచి
షార్ట్‌కట్లు రాసుకుంటున్న.
లేయర్. మాస్క్. కర్నింగ్.
కర్నింగంటే ఏందో అనుకున్న,
అక్షరాల నడుమ సందట.
ఇస్మాయిల్ ఉస్తాద్ చిటికెనవేలు పెట్టి కొలిచేటోడు,
పేరు పెట్టలే దానికి.

నిన్న మునుగోడు రోడ్డుమీద
నేను రాసిన గోడ కనపడ్డది.
పందొమ్మిదేండ్లయింది.
దుకాణం లేదు, "విత్తనములు" ఉన్నది.
బండి ఆపిన.
త కింది వత్తు
జారిన లుంగీ లెక్క వేలాడుతున్నది.
రాసిననాడు షావుకారి మెచ్చుకున్నడు,
రోడ్డు అవతల నిలబడి
నేను గూడ మెచ్చుకున్న.

ఫోటో తీసి రుబీనాకు పంపిన,
"ఇండ్ల తప్పేందో చెప్పు."
జవాబింక రాలే.
ఎండల నిలబడి
తెర మీద ఆ వత్తును
వేలుతోని పైకి జరుపుతున్న.
ఇంకొంచెం.
ఇంకొంచెం.