ఇరవై గ్రాముల కుట్టుమిషను

నూట అరవై రెండు మెట్లు.
లెక్క తప్పదు, పన్నెండేళ్లుగా
నా మోకాళ్లు రాసుకుంటున్న పద్దు అది.
వాల్పరైసోలో కొండమీది ఇంటికి
సముద్రం ఉచితం,
ఉత్తరమే ఖరీదు.

ఆ మంగళవారం పొగమంచు
రేకు గోడల రంగులన్నీ తుడిచేసింది.
సంచిలో దోన్యా ఎదువిహెస్ పేరున ఒక కవరు,
ఊదితే ఎగిరేంత పల్చన.
తలుపు కొట్టాను, ఎవరూ పలకలేదు.
కిటికీ సందులోంచి జారవిడిచి
స్కానర్ మీట నొక్కాను:
అందినది.
మెట్లు దిగుతూ ఈల కూడా వేసినట్టు గుర్తు.

మూడోనాడు పై మెట్టు మీద ఆవిడే నిలబడి ఉంది.
మెడలో కొలతల టేపు,
పెదాల మధ్య రెండు గుండుసూదులు.
వాటిని తీయకుండానే అడిగింది,
"నా కుట్టుమిషను ఏది?"

కవరు నా చేతిలో పెట్టింది.
లోపల ఒక ప్లాస్టిక్ ఉంగరం,
పచ్చరాయి అనుకోమని బతిమాలుతున్న గాజుపెంకు.

ఫోనులో బొమ్మ చూపించింది:
ఇనుప కాళ్లు, నల్లటి మెడ, మెడ మీద బంగారు గీతలు.
గోదాము మూసేస్తున్నాం, సగం ధరకే!
లక్షా పద్దెనిమిది వేల పెసోలు.
బడిపిల్లల గౌన్ల మడతలు విప్పి, మళ్లీ కుట్టి,
మూడు చలికాలాలు ఏరుకున్న డబ్బు.
నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు.

అంగడికి రాసింది.
అంగడి ఎంత మర్యాదగా జవాబిచ్చిందో!
ప్రియమైన కస్టమర్, మీ సరుకు మీకు అందినది.
మళ్లీ రాసింది.
ప్రియమైన కస్టమర్, నచ్చకపోతే ఉంగరం తిప్పి పంపండి,
ఓడ ఖర్చు మీదే.
మూడోసారి రాసేసరికి
అక్కడ అంగడే లేదు.

బ్యాంకులో అద్దం వెనక కుర్రాడు
కంప్యూటర్ తెర ఇటు తిప్పి చూపించాడట.
అందులో నా మీట, నా మాట.
"దొంగను నేను చూళ్లేదు," అంది,
"నాకు కనబడిన చెయ్యి నీ ఒక్కడిదే."

కోపం తెచ్చుకుందామని చూశాను.
మోసేవాడికి లోపల ఏముందో ఎందుకమ్మా, అనబోయాను.
మోసేవాడికి కాకపోతే
ఇంకెవరికి తెలుస్తుంది?

కవరు తిరగేశాను.
చీటీ మూలన
చీమ తలకాయంత అంకెల్లో తూకం:
ఇరవై గ్రాములు.

వంటింట్లో పిండి తూచే త్రాసు దించింది.
కత్తెర పెట్టి చూశాం, నూట ముప్పై.
దారపు ఉండ ఒకటి, నలభై.
ఇరవై గ్రాముల కుట్టుమిషను!
అప్పుడు నవ్వింది.
నోట్లో సూది ఒకటి జారిపోయింది,
ఇద్దరం దాని కోసం
చాలాసేపు నేల మీద పాకాం.

ఆవిడ బిల్లుల పుస్తకం వెనక రాశాను:
నేను, ఎలియోదోరో పిన్యోనెస్, మోసినవాణ్ణి,
చెబుతున్నదేమంటే
అందినది కవరు.
కుట్టుమిషను మోసి ఉంటే
నా నడుముకు గుర్తుండేది.

ఇది చదివి కుర్రాడు ముందు నవ్వాడట,
తర్వాత స్టాంపు వేశాడట.
నలభై ఒక్క రోజులు.
ఉంగరం ఫోటో కావాలి.
ఉంగరం పక్కన స్కేలు పెట్టిన ఫోటో కావాలి.
అంగడికి రాసిన ప్రతి ముక్కా, తేదీతో సహా కావాలి.
అన్నీ ఇచ్చింది. విసుగు మాత్రం
నేను మెట్లెక్కే వేళకి దాచిపెట్టి నాకిచ్చింది.

డబ్బు వెనక్కొచ్చింది.
పాత మిషనొకటి రేవు వీధిలో కొంది.
ఇరవై ఆరు కిలోలు. ఎవరు మోశారో
చెప్పక్కర్లేదు.
డెబ్భయ్యో మెట్టు దగ్గర కూర్చుండిపోతే
వీధికుక్క వచ్చి చెవి నాకింది.

ఈ ఉదయం సంచిలో
అలాంటి పల్చటి కవర్లు మూడు.
మూడు పేర్లు, మూడు వేరువేరు కొండలు.
ఒక్కొక్కటీ అరచేతిలో తూచి చూస్తున్నాను,
తలుపు తీసేదాకా కొడుతున్నాను.
మీట నొక్కడం ఆలస్యమవుతోందని
ఆఫీసు నుంచి ఫోను మోగుతూనే ఉంది.
మోగనీ.
లోపల ఎవరో చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు.