చీటీలు పంచినవాడు

జులై నెల. తెల్లవారుజాము మూడున్నర.
సంత మైదానం గేటు దగ్గర, నా చేతిలో
నీలం చీటీల చుట్ట, ఒకటి నుంచి నాలుగు వందల పది దాకా.
అప్పలేషియా కొండల మీంచి పొగమంచు దిగొచ్చి
ఆగివున్న కార్ల అద్దాల మీద కూర్చుంది.
లోపల మనుషులు, సీట్లు వెనక్కి వాల్చుకుని,
బూట్లు విప్పకుండా,
దవడలకి తువ్వాళ్లు కట్టుకుని.

ఏడాదికి రెండు రోజులు వస్తారు డాక్టర్లు
ఎక్కడెక్కడి నుంచో, సొంత ఖర్చుతో.
దేవుడు వాళ్లని చల్లగా చూడాలి.
ఆగస్టు సంతలో కోడెలకి బహుమతులిచ్చే కొట్టాల్లోనే
సున్నం చల్లి, పట్టాలు పరిచి
పళ్లు పీకే కుర్చీలు వేస్తాం.
పాస్టరు గారిది ప్రతిసారీ ఒకే మాట,
మన ప్రభువు పుట్టిందీ పశువుల పాకలోనే కదా అని.
అందరం నవ్వుతాం. ఈసారి నాకు నవ్వు రాలేదు.
ఆయన పాకలో పుట్టింది సత్రంలో చోటు దొరక్క.
అది సత్రానికి మెచ్చుకోలు కాదు.

డ్రీమా స్టిడమ్ నాలుగున్నరకి వచ్చింది,
తమ్ముడి ట్రక్కులో, నలభై మైళ్లు.
బడి క్యాంటీన్‌లో ముప్పై ఏళ్లు
మా పిల్లలందరికీ వడ్డించిన చెయ్యి.
సీసా నెలాఖరు దాకా రావాలని
ఇన్సులిన్ సగం సగం పొడుచుకుంటోందట.
బొటనవేలు నల్లబడిందని మేజోడు విప్పబోయింది.
వద్దన్నాను. నా చేతిలో మిగిలింది
ఒట్టి అట్టగొట్టం.
"పోన్లే లోవెల్, వచ్చే ఏడు ముందే వస్తా" అంది,
నన్ను ఓదారుస్తూ.

ఇరవై రెండేళ్లుగా ఆదివారపు బడిలో
ఆ కోనేటి కథ చెబుతున్నాను.
ఐదు మంటపాలు. నీళ్లు కదలగానే
ముందు దిగినవాడికే స్వస్థత.
దించే మనిషి లేక ముప్పై ఎనిమిదేళ్లు
ఒడ్డునే పడివున్నవాడు.
రంగులు నింపమని పిల్లలకి బొమ్మ ఇచ్చి
"విశ్వాసం ఉండాలి" అని ముగించేవాణ్ణి.
ఒకసారి ఫ్యూగేట్ వాళ్ల చిన్నపిల్ల అడిగింది:
"రెండోవాడి సంగతేంటి?"
గంట కొట్టారు. బిస్కెట్లు పంచేశాం.

ఇప్పుడు చూస్తే, ప్రభువు అక్కడ
వరస సరిచెయ్యలేదు. చీటీ రాయలేదు.
నీళ్ల జోలికే పోలేదు.

కమిటీలో గేలన్ ప్రేటర్ అంటాడు,
దయ మనసులోంచి రావాలి గాని పన్నులోంచి కాదని.
అతని గుండెకి మూడు కుట్లు పడింది
గని యూనియన్ కార్డు మీద; ఆ మాట నేనెత్తలేదు.
నేను చర్చి కోశాధికారిని, నాకు తెలిసింది లెక్క.
మనసులోంచి వచ్చింది నాలుగు వందల పది.
నా చేత్తో చింపి ఇచ్చాను.
దారినపోయే ఆ సమరయుడు
సత్రం వాడికి రెండు నాణేలిచ్చి
పైన ఎంతైతే అంతా నా ఖాతాలో రాయమన్నాడు.
ఖాతా ఎక్కడ ముయ్యాలో చెప్పలేదు.
ఏ కోశాధికారికీ నిద్రపట్టని వాక్యం అది.

నవంబరులో డ్రీమా పాదం తీసేశారు.
అంబులెన్సు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి,
ఎవరూ కాదనలేదు.
కొయ్యడానికి చీటీ అక్కర్లేదు.

ప్రభువా, ఇంకో వంద చీటీలిమ్మని
నిన్ను అడగను.
ఆ గేటు దగ్గర నాకు పని లేకుండా చెయ్యి.
రాజధానిలో ఓట్లేసే పెద్దమనుషులకి
ఉత్తరం రాశాను, రెండుసార్లు,
నా గూని అక్షరాలతో.
జవాబుగా ఒకరి ఫొటో వచ్చింది.

ఈలోగా కొత్త చుట్ట తెప్పించాను.
ఈసారి తెల్లవి దొరికాయి.
ఒకటో నంబరు చింపి
డ్రీమా కోసం చొక్కా జేబులో దాచాను.
తప్పే, తెలుసు.
రెండోవాడు ఎవరో
నాకింకా తెలీదు.