మూంగో వంతెన

బూయాలో నెట్ ఆగి నలభై రోజులు.
శాంతి కోసమే అన్నారు రేడియోలో.
మా వీధి నిజంగానే శాంతంగా ఉంది,
నోట్లో గుడ్డ కుక్కినట్టు.

వారానికోసారి ఎనంగా బస్సెక్కుతుంది.
బుట్టలో అరటికాయల కింద
పదిహేడు ఫోన్లు,
దారంతో కట్టిన పేరు చీటీలు.

వంతెన దగ్గర పోలీసు బుట్ట తడిమి
ఒక అత్తం విరుచుకుంటాడు.

ఏరు దాటగానే
తేనెతుట్టె కదిలినట్టు
అన్నీ ఒక్కసారే మోగుతాయి:
అప్పులవాళ్లు, పరీక్ష ఫలితాలు,
ఎవరిదో పెళ్లి ఫొటో, సగం.

టైలర్ లియోంగాది మాత్రం
ఈసారీ మోగలేదు.
కొడుకు నంబరు ఒక్కటే ఉంది అందులో.

తిరుగు బస్సులో
దాన్ని చేతిలోనే పట్టుకుంది.
వంతెన మీద సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే
డ్రైవర్‌తో అంది:
కాస్త మెల్లగా పోనీ.