రూబుల్ బిళ్ళంత ఊరు

జనవరిలో మా ట్రామ్‌కి కిటికీలుండవు.
అద్దాలన్నీ మంచు బొంత కప్పుకుంటాయి.
రూబుల్ బిళ్ళని అరచేతిలో వెచ్చబెట్టి
అద్దానికి అదిమితే
బిళ్ళంత ఊరు కనిపిస్తుంది నాకు.

టికెట్లు చింపుతూ ఇరవయ్యేళ్ళుగా
తోమ్స్క్‌ని ఇలా ముక్కలుగానే చూశాను:
కొండ మీద అగ్గికాపలా బురుజు,
వర్తకుడి రాతిమేడ, దాని నెత్తిన పావురాలు,
దారానికి బదులు చెక్కతో అల్లిన
లేసుల కిటికీ చట్రాలు.

ముప్పై ఒకటో నంబరు కొయ్యిల్లు
ఏటా కాస్త నేలలోకి దిగబడేది.
కిటికీ అంచు కాలిబాటని తాకాక
లోపలివాళ్ళు మమ్మల్ని బూట్లని బట్టి గుర్తుపట్టేవాళ్ళు.
"ఎడమ మడమ అరిగింది, చూసుకో!"
అని అరిచేది ముసలి కపితోలీనా.

పోయిన అక్టోబరులో కాలిపోయింది.
దానంతటదే అంటుకుందన్నారు.
ఈ వీధిలో నిప్పుక్కూడా
స్థలాల ధరలు తెలుసు.

కిటికీలకి ప్లైవుడ్ కొట్టేశారు.
రొట్టెల కొట్టు ఫ్ల్యూరా కొడుకు రినాత్
రంగు డబ్బాల్ని కోటు లోపల పెట్టుకుని
పొదిగే కోడిలా ఓ గంట మెట్ల మీద కూచున్నాడు,
గడ్డకట్టిన రంగు కదిలేదాకా.
వీరుల్ని గీయలేదు, రెక్కల గుర్రాల్నీ గీయలేదు.
కిటికీలో ఏముండేదో అదే గీశాడు:
జెరానియం కుండీ, చెవి తెగిన పిల్లి,
దారంతో కట్టిన కళ్ళజోడులోంచి
బూట్ల వైపు చూసే కపితోలీనా.

మూడోరోజు మునిసిపాలిటీ బూడిదరంగు పూసింది.

ఫిబ్రవరిలో సున్నాకి ముప్పై ఎనిమిది కింద
ఆ బూడిద పెచ్చులు లేచింది.
ముందు పిల్లి మీసం,
తర్వాత ఒక కన్ను,
ఆఖర్న కళ్ళజోడు.

అసలు మనిషి ఇప్పుడు ఊరి చివర
తొమ్మిదో అంతస్తులో ఉంటోంది.
"అక్కణ్ణించి ఎవరి బూట్లూ కనపడవు" అంటుంది.
గురువారం గురువారం నా ట్రామెక్కి
బిళ్ళంత కంతలోంచి చూసి
"దారం కుడివైపు కట్టాడు వెధవ,
నాది ఎడమ" అని సణుగుతుంది.

నిన్న స్టాపు కాకపోయినా దిగింది.
మంచులో వంగి
ప్లైవుడ్ మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టి
నిలబడింది.

ట్రామ్‌లో ఎవరూ విసుక్కోలేదు.
నాలుగు నిమిషాలు ఆలస్యం.
కారణం: పట్టాల మీద మంచు,
అని రాశాను.